చెల్కలోకి ఎలక్ట్రిక్ ఫోర్ వీల్ దింపవచ్చా? బరువు, రేంజి మీద నా లెక్క

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చందంపేట దగ్గర 14 ఎకరాల బత్తాయి తోట, ఉద్యోగం హైదరాబాద్‌లో, వారానికోసారి రానుపోను 260 కిలోమీటర్లు, తోటలో, చెల్కల్లో ఇంకో 20 కిలోమీటర్ల తిరుగుడు, ఏడాదికి రెండు మూడుసార్లు అచ్చంపేట, శ్రీశైలం దిక్కు. డీజిల్ థార్ తీసుకోవాలా, జిమ్నీనా, లేకపోతే షోరూంలో "622 కిలోమీటర్లు పోతుంది సార్" అని చెప్పిన ఎలక్ట్రిక్ ఫోర్ వీలా, అంటే నాలుగు చక్రాలకూ బలం అందే కరెంటు బండా అని అడిగావు. కలిసినవాళ్లంతా రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో పోయే దూరం, చాలదని టెన్షన్ పెట్టారని కూడా రాశావు.

దేవరకొండలో 26 ఏళ్లుగా జీపులు విప్పి బిగించడమే నా పని. షేరింగ్ కమాండర్ జీపుల కాలం నుంచి ఇప్పటి కంప్యూటర్ బండ్ల దాకా అన్నిటి కిందా పడుకున్నాను. ముందే చెప్పేస్తా: నీ ప్రయాణానికి రేంజి సరిపోతుంది. నీ నేల మాత్రం ఆ బరువు మోయదు.

622 అబద్ధమేమీ కాదు. మన దేశంలో పెట్టే పరీక్షలో బండిని రోలర్ల మీద ఎక్కించి నడుపుతారు, వేగం గంటకు 90 దాటదు. టాటా వాళ్ల హ్యారియర్ ఈవీ రెండు మోటార్ల మోడల్‌కు ఆ పరీక్షలో వచ్చిన అంకె 622. రోడ్డు మీద మామూలు వాడకంలో 460 నుంచి 490 అని ఆ కంపెనీయే చెబుతుంది. నీ తారు రోడ్డు వరకు ఈ రెండో అంకెను పట్టుకో. ఏసీ వేసుకుని 80, 90 మీద పోతే నూరు కిలోమీటర్లకు 16, 17 యూనిట్లు కాలుతాయి. బ్యాటరీ లెక్క నేను యూనిట్లలోనే చెబుతా. ఇంటి మీటర్లో తిరిగే యూనిట్, కారు బ్యాటరీ మీద రాసే కిలోవాట్ అవర్ రెండూ ఒకటే. ఆ బండిలో ఉన్నవి 75 యూనిట్లు.

ఇక తూకం. పోయిన ఏడాది మా మేనల్లుడు ఎలక్ట్రిక్ ఫోర్ వీల్ కొన్నాడు. కంపెనీ పేరు ఎందుకులే, ఈ తరగతి బండ్లన్నీ బరువులో అటూ ఇటూ ఒకటే. వాడు తెచ్చిన రోజు నాకు బుద్ధి ఆగక మూడు బండ్లను రైస్ మిల్లు దగ్గర ధర్మకాంటా ఎక్కించాను. వెనక వడ్ల లారీ వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఇద్దరు మనుషులు, టూల్స్ డబ్బా, ఒక నీళ్ల క్యాను. దేంట్లోనైనా అవే పెట్టాం. నా జిమ్నీ 1,380 కిలోలు. మా గ్యారేజీకి వచ్చిన డీజిల్ థార్ 1,960. వాడి ఎలక్ట్రిక్ బండి 2,450. అంటే నా బండిలో నిండుగా ఉన్న పెద్ద బత్తాయి ట్రేలు ఓ నలభై పేర్చినంత తేడా.

ఈ తేడా అంతా ఎక్కడిదో చూడు. పెట్రోలు లీటరు ముప్పావు కిలో తూగుతుంది. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు, నిండుగా పోయిస్తే 30 కిలోలు. థార్‌లో 57 లీటర్ల డీజిల్ 48 కిలోలు. 75 యూనిట్ల బ్యాటరీయేమో, ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వచ్చే ఫాస్ఫేట్ రకమైతే, పెట్టె, చల్లబరిచే గొట్టాలు కలిపి అర టన్ను దరిదాపు. పెట్రోలు కాలేకొద్దీ బండి తేలికవుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా, సున్నాకు వచ్చినా అదే అర టన్ను.

లీటరు పెట్రోలులో తొమ్మిది యూనిట్ల దాకా వేడి ఉంటుంది. ఇంజను దాంట్లో ఎక్కువ భాగం సైలెన్సర్లోకి, రేడియేటర్లోకి వదిలేస్తుంది. నడుస్తున్న బండిలో చక్రం దాకా వచ్చేది ఐదో వంతు అనుకో. 40 లీటర్లకు 360 యూనిట్లు, చక్రానికి చేరేవి 72. ఎలక్ట్రిక్ బండిలో మోటారు, గేరు, వైర్ల నష్టం పోగా 75లో 65 దాకా చక్రానికి చేరతాయి. చేతికొచ్చేది దాదాపు సమానమే అయింది కదా! మోసేది మాత్రం ఒకచోట 30 కిలోలు, ఇంకోచోట 500. నీ ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది.

ఒకే బండిలో రెండు రకాలు పోల్చి చూడాలంటే మెర్సిడెస్ జీ క్లాస్ ఉంది. మనం కొనేది కాదు, మూడు కోట్లు. కానీ డబ్బాలాంటి అదే బాడీలో డీజిల్ కూడా వస్తుంది, నాలుగు మోటార్ల ఎలక్ట్రిక్ కూడా వస్తుంది. ఎలక్ట్రిక్ తూకం 3,085 కిలోలు, డీజిల్ దానికంటే దాదాపు అర టన్ను తక్కువ. 116 యూనిట్ల బ్యాటరీతో యూరప్ పరీక్షలో 473 కిలోమీటర్లు. డీజిల్ దానికి నూరు లీటర్ల ట్యాంకు, ఒక్కసారి నింపితే వెయ్యి దరిదాపు పోతుంది. అమెరికాలో హమ్మర్ ఈవీ అని ఉంది, నాలుగు టన్నులు దాటుతుంది. దాని బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోలు, అంటే ఖాళీ జిమ్నీ మొత్తం కంటే ఎక్కువ. బండి బరువైతే పెద్ద బ్యాటరీ కావాలి, పెద్ద బ్యాటరీ పెడితే బండి ఇంకా బరువు. దాన్ని ఆపడానికి పెద్ద బ్రేకులు, మోయడానికి లావు స్ప్రింగులు, వెడల్పు టైర్లు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

సరే, లెక్కలు పక్కన పెట్టి జరిగింది చెబుతా.

పోయిన ఏప్రిల్‌లో డిండి దిక్కు ఒక చెరువు శిఖంలోకి పోయాం. నీళ్లు వెనక్కి పోయి నెల దాటింది. పైన మట్టి పెళ్లలు కట్టి, పగుళ్లిచ్చి, చూడడానికి క్రికెట్ ఆడుకోవచ్చు అన్నట్టుంది. ముందు నేను జిమ్నీలో, వెనక మేనల్లుడు. నా టైర్లలో గాలి 18కి దించాను. వాడిని కూడా దించమన్నాను, దించాడు గానీ 26 దగ్గర ఆపాడు. వాడిది 19 అంగుళాల చక్రం, టైరు గోడ పలచన. రెండున్నర టన్నుల కింద ఇంకా దించితే రిమ్ము కొట్టుకుంటుందని భయపడ్డాడు. అందులో వాడి తప్పు లేదు, నేనైనా అంతే చేసేవాణ్ణి. నాది 15 అంగుళాల చక్రానికి ఎత్తు గోడ టైరు, దించితే రొట్టెలా పరుచుకుంటుంది.

"మామా, నీ జాడల్లోనే వస్తున్న గదా!" అన్నాడు ఫోన్లో. అవును, నా జాడల్లోనే వచ్చాడు. నేను పోయినప్పుడు ఆ పెళ్ల నొక్కుకుంది, విరగలేదు. వాడి ముందు చక్రాలు దాటాయి, వెనక చక్రాల కింద అది పటుక్కున విరిగింది. కింద నల్లటి జిగట. వాడు ఆక్సిలరేటర్ తొక్కాడు. మోటార్లకు బలం మామూలుగా ఉండదు, సున్నా వేగం నుంచే మొత్తం బలం దిగుతుంది. రెండు సెకన్లలో నాలుగు చక్రాలూ గుంతలు తవ్వుకుని కూర్చున్నాయి. కడుపు నేలకు ఆనింది.

అక్కడే కొత్త సంగతి ఒకటి నేర్చుకున్నా. జీపు కడుపు ఆనితే ఇరుసు, గేరు డబ్బా, ఛాసిస్ అని నాలుగైదు చోట్ల ఆనుతుంది. మధ్యలో గాలి ఆడుతుంది, పారతో తవ్వి మట్టి లాగవచ్చు. ఎలక్ట్రిక్ బండి కింద బ్యాటరీ పెట్టె మంచమంత సపాటు పలక. అది తడి జిగట మీద పీట వేసినట్టు కూర్చుంటే మట్టి దాన్ని పట్టేసుకుంటుంది. తడి బురదలో పళ్లెం బోర్లించి లాగి చూడు, ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెలుస్తుంది.

నా జిమ్నీతో లాగితే నా బండే జారింది. 1,380 కిలోల బండి 2,450 కిలోల బండిని బురదలోంచి ఎట్లా లాగుతుంది? ఊళ్లోంచి ట్రాక్టర్ వచ్చింది. నైలాన్ తాడు కట్టారు, ఫట్టున తెగి ట్రాక్టర్ మడ్‌గార్డుకు కొట్టింది. మనిషికి తగిలితే ఏమయ్యేదో! కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఆ పిల్ల పాపం మర్యాదగానే మాట్లాడింది, బండిని పక్కా రోడ్డు మీదికి తెచ్చి పెడితే ఫ్లాట్‌బెడ్ పంపిస్తామన్నది. రోడ్డు మీదికి వస్తే మాకు మీరెందుకమ్మా అన్నాడు ట్రాక్టర్ డ్రైవర్. చివరికి పారలతో రెండు వైపులా కాలువ తవ్వి, పెట్టె కిందికి గాలి పోయేలా చేసి, రెండు ట్రాక్టర్లు, గొలుసులు పెడితే కదిలింది. మొత్తం నాలుగున్నర గంటలు.

దిగబడినప్పుడు బ్యాటరీ 78 శాతం. బయటికొచ్చాక 72. పిల్లలు లోపల ఏసీలో కూర్చునే ఉన్నారు. రేంజికి ఏ ఇబ్బందీ రాలేదు. అందరూ రేంజి రేంజి అంటుంటే నాకు ఆ రోజే గుర్తుకొస్తుంది.

మళ్లీ లెక్కలోకి వద్దాం. చక్రం తిరగడానికి నేల ఎంత ఎదురు తంతుందో అది బరువును బట్టి ఉంటుంది. మంచి తారు మీద బండి బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు బలంతో లాగితే చాలు. మొరం రోడ్డు మీద, బండ్ల బాట మీద నూటికి మూడు. దున్నిన చెల్కలో, వాగు దుబ్బలో పది, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ. పదే వేసుకో. 2,450 కిలోల బండిని ప్రతి అడుగూ 245 కిలోల బలంతో లాగుతున్నట్టు. కిలోమీటరుకు 0.67 యూనిట్. చక్రానికి చేరే 65 యూనిట్లను దాంతో భాగిస్తే 97 కిలోమీటర్లు. షోరూంలో విన్న 622 దుబ్బలో 97 అయింది. ఏసీ ఇంకా కలపలేదు.

అదే దుబ్బలో జిమ్నీకి కావాల్సింది 138 కిలోల లాగుడు, కిలోమీటరుకు 0.38 యూనిట్. 72ని భాగిస్తే 190 దాకా వస్తుంది. అయితే ఇంజను బండ్ల వాళ్లు అప్పుడే చంకలు గుద్దుకోవద్దు. ఐదో వంతు చక్రానికి వస్తుందన్నది నడుస్తున్న బండికి. లో గేరులో, గంటకు ఐదారు కిలోమీటర్ల మీద, ఆగుతూ, చూస్తూ, మళ్లీ కదులుతూ పోతే ఇంజను ఊరికే తిరగడానికే సగం తాగేస్తుంది. అప్పుడు చక్రానికి ఎనిమిదో వంతు వస్తే గొప్ప. ఆ లెక్కన జిమ్నీ కూడా 120 దగ్గరికి పడిపోతుంది. ఎలక్ట్రిక్ బండి నిలబడితే మోటారు తాగేది సున్నా. అందుకే తారు మీద రెండింటి మధ్య ఉన్నంత తేడా రాళ్లు రప్పల్లో ఉండదు. ఇది నేను మొదట్లో నమ్మలేదు. నా ట్యాంకు నింపిన బిల్లులు, వాడి యూనిట్లు పక్కపక్కన పెట్టుకుని చూశాక నమ్మాను.

ఏసీ సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. మన నల్లగొండ ఎండలో, 44 డిగ్రీల్లో, ఏసీ, బ్యాటరీ చల్లబరచడం కలిపి గంటకు ఒకటిన్నర, రెండు యూనిట్లు పోతాయి. తారు మీద ఆ గంటలో 80 కిలోమీటర్లు పోతావు కాబట్టి అది లెక్కలోకి రాదు. చెల్కలో ఆ గంటలో పోయేది ఎనిమిది కిలోమీటర్లు. అక్కడ కిలోమీటర్లు లెక్కపెట్టకు, గంటలు లెక్కపెట్టు.

నీ వారం ప్రయాణం వేసి చూపిస్తా. తారు 260 కిలోమీటర్లకు 44 యూనిట్లు. తోట, చెల్క 20 కిలోమీటర్లకు, నష్టాలతో కలిపి 16. రెండున్నర గంటల ఏసీ 5. మొత్తం 65. బ్యాటరీ 75. మధ్యలో ఎక్కడా చార్జింగ్ పెట్టకుండా ఇల్లు చేరతావు, మిగిలేది పది. ఆ పది చూసుకుంటూ మాల్ ఊరు దాటి నగరం దాకా నడపడం నాకైతే ఇష్టం ఉండదు గానీ, రాత్రి తోటలో ఉంటే ఆ బాధ కూడా లేదు.

తోటలో చార్జింగ్ అంటే బాయికాడ మోటారు లైను అనుకునేవు. అది వద్దు. ఉచిత కరెంటు పంపుసెట్టుకు ఇచ్చింది. దాని మీద కారు పెడితే తప్పు తప్పే, పైగా స్టార్టర్ డబ్బా దగ్గర ఎర్తింగ్ ఎట్లుంటుందో నీకూ తెలుసు. షెడ్డుకు వేరే మీటరు తీసుకో, సరైన ఎర్తింగ్ కొట్టించు, 15 ఆంపియర్ల సాకెట్ పెట్టించు. గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి ఎనిమిదికి పెడితే పొద్దున ఆరుకు 30. నీకు అంతకంటే అక్కర్లేదు. ఓల్టేజీ పడిపోయే లైనయితే కారు తనంతట తానే నెమ్మదిస్తుంది లేదా ఆపేస్తుంది, భయపడకు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: అడవి దారిలో అయిపోతే 20 లీటర్ల క్యానులో కరెంటు తెచ్చి పోయలేం.

ఎలక్ట్రిక్ బండిలో నాకు నచ్చినవి కూడా చెప్పకపోతే అన్యాయం. బండల మీద ఎక్కించేటప్పుడు క్లచ్చి వాసన లేదు, ఇంజను ఆగిపోయి వెనక్కి దొర్లడం లేదు, కాలి బొటనవేలితో నొక్కినంత నొక్కితే అంతే కదులుతుంది. ఈ పనిలో కొత్త డ్రైవర్లను చాలామందిని చూశాను. డీజిల్ జీపులో నెల పట్టేది దీంట్లో ఒక పూటలో వస్తుంది. గాలి పీల్చే గొట్టం లేదు కాబట్టి నీళ్లంటే భయం తక్కువ. జీ క్లాస్‌లో డీజిల్‌కు 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లు చెబితే ఎలక్ట్రిక్‌కు 850 చెబుతారు. ఎండాకాలం ఎండు గడ్డిలో బండి ఆపితే వేడి సైలెన్సర్ తగిలి నిప్పంటుకునే భయం లేదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాలవు. దోమలపెంట దాటి కృష్ణ దాకా దిగుడు ఉంటుంది కదా, 2,450 కిలోలు 300 మీటర్లు ఎక్కడానికి రెండు యూనిట్లు పోతే, దిగేటప్పుడు సగానికి పైగా మళ్లీ బ్యాటరీలోకి వస్తుంది. డీజిల్ బండిలో అదంతా బ్రేకు లైనర్ల పొగే.

నల్లమల మాట ఎత్తావు కాబట్టి: అక్కడ ఆఫ్ రోడ్ అనే ముచ్చటే మరిచిపో. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంత బండితో దారి దిగితే కేసు. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి హైవే కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు. సలేశ్వరం జాతరకు పోయినా చివరికి బండి దిగి నడవాల్సిందే. ఆ ప్రయాణానికి ఏ కారైనా ఒకటే, దాని కోసం ఫోర్ వీల్ కొనకు.

ఇక నీ తోట. నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు దీని గురించే, నువ్వు అడగలేదు గానీ. బత్తాయి పీచువేళ్లు పైపైనే ఉంటాయి. సాళ్ల మధ్య రెండున్నర టన్నుల బండి వారం వారం తిరిగితే మట్టి గట్టిపడుతుంది, చక్రాల గాడిలో వాన నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిచిన చోట బత్తాయికి ఏమవుతుందో, మొదలు దగ్గర బంక కారి చెట్టు ఎట్లా ఎండుతుందో నీ పక్క తోట ఆయన్ని అడుగు. డ్రిప్ పైపులు తొక్కి పగలడం వేరే ఖర్చు. ట్రాక్టర్ తిరగడం లేదా అంటావు. తిరుగుతుంది, కానీ అది పని ఉన్నప్పుడు తిరుగుతుంది. నువ్వు చెట్లు చూసుకోవడానికి తిరుగుతావు.

చెట్లు చూసుకోవడానికి మన జిల్లాలో ఎప్పుడో తేల్చేసిన బండి ఒకటుంది. ఎక్సెల్. టీవీఎస్ ఎక్సెల్ 100 తూకం 90 కిలోలు కూడా ఉండదు, ట్యాంకు 4 లీటర్లు, ఆ నాలుగు లీటర్లతో 200 కిలోమీటర్లు సులువుగా పోతుంది. ముందు యూరియా బస్తా, వెనక మనిషి, గట్టు మీద, బురదలో ఎక్కడ ఆగినా ఒక్కడు ఎత్తి పక్కన పెట్టవచ్చు. దీనికి ఎదురుగా ఎలక్ట్రిక్ స్కూటర్ పెడితే పాతిక ముప్పై కిలోల బరువు ఎక్కువ, చక్రం చిన్నది, కడుపు కిందికి. గట్టు దిగితే ఆనుతుంది. కానీ నూరు కిలోమీటర్లకు మూడు యూనిట్లతో అయిపోతుంది, ఎక్సెల్‌కు రెండు లీటర్లు కావాలి. తోట నుంచి ఊరికి, ఊరి నుంచి మండలానికి స్కూటర్ మేలు. పాదుల మధ్యకు ఎక్సెల్ మేలు. బరువు తక్కువున్న చోట చిన్న బ్యాటరీ చాలు, చిన్న బ్యాటరీ ఉంటే బరువు పెరగదు. అందుకే మన దేశంలో కరెంటు ముందు ఆటోల్లో, స్కూటర్లలో కుదురుకుంది.

అమెరికాలో తోటల్లో తిరిగే రెండు మూడు సీట్ల చిన్న ఫోర్ వీల్ బండ్లున్నాయి. పొలారిస్ వాళ్లు రేంజర్‌లో ఎలక్ట్రిక్ తెచ్చారు, పెద్ద బ్యాటరీ 29.8 యూనిట్లు, బండి టన్ను లోపే, కంపెనీ చెప్పేది 80 మైళ్లు, మన లెక్కలో దాదాపు 130 కిలోమీటర్లు. తోట పనికి అసలు సరైన తూకం అది. అలాంటిది మన దగ్గర మన ధరలో వస్తే నేనే మొదట కొంటా.

ట్రాక్టర్ గురించి ఒక్క మాట, ఎందుకంటే అక్కడ లెక్క తిరగబడుతుంది. ట్రాక్టర్‌కు బరువు కావాలి. లాగుడు రావడానికి చక్రాలకు ఇనుప దిమ్మెలు బిగిస్తాం, టైర్లలో నీళ్లు నింపుతాం. బ్యాటరీ బరువు అక్కడ ఊరికే పోదు. కానీ పని గంటలు పడిపోతాయి. సొనాలికా 2020లో తెచ్చిన ఎలక్ట్రిక్ ట్రాక్టర్‌లో 25.5 యూనిట్లు, మోటారు 15 హెచ్‌పీ, అంటే నిండు జోరు మీద గంటకు 11 యూనిట్లు. ఎనిమిది గంటలు అని చెప్పేది తేలిక పనికి. రోటవేటర్ వేసి నిండుగా నడిపితే రెండు గంటలు దాటితే గొప్ప. మందు కొట్టడానికి, చిన్న ట్రాలీ లాగడానికి బాగుంటుంది.

బ్యాటరీలు తేలికవుతాయా అంటే అవుతున్నాయి, మెల్లగా. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వాళ్లు 9,500 కోట్లతో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి 2023లో పునాది వేశారు. వలసపోయిన పాలమూరులో సెల్లు తయారవుతుందంటే సంతోషమే. కానీ సెల్లు ఇంటి పక్కన తయారైనంత మాత్రాన తూకం తగ్గదు. నువ్వు ఈ ఏడాది కొనేది ఈ ఏటి బరువునే.

కాబట్టి నీ చోట నేనుంటే ఏం చేస్తానో రాస్తా. రోడ్డుకూ తోటకూ ఒకే బండి కావాలంటే జిమ్నీ. పాతదైనా సరే, కింద రాయి తగిలిన గుర్తులు లేనిది చూసి తీసుకో. లో గేరు ఉంది, తేలిక, దిగబడితే ఒక ట్రాక్టర్ చాలు. థార్ మంచి బండే, ఎక్కువ లోడు, ఎక్కువ బలం కావాలంటే అదే, నీకు అంత లోడు లేదు. మనసు ఎలక్ట్రిక్ మీదే ఉంటే వద్దనను, అయితే దాన్ని రోడ్డు బండిగా కొను. వారానికి 260 కిలోమీటర్లకు, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా, 450 రూపాయలు. జిమ్నీకి 18, 19 లీటర్లు, రెండు వేల దాకా. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేవు. నాలుగు చక్రాలూ తిప్పే రెండు మోటార్ల మోడల్‌కు ఎక్కువ డబ్బులు పెట్టకు, వెనక మోటారు ఒక్కటున్న మోడల్ చాలు. షెడ్డు దగ్గర ఆపి ప్లగ్గు పెట్టు, అక్కణ్ణుంచి ఎక్సెల్ మీద తోటలోకి పో. మిగిలిన డబ్బులతో ఎక్సెల్ కాదు, ఇంకో బోరు కూడా వేయించుకోవచ్చు.

ఏది కొన్నా, కొనేముందు ఒక పని చెయ్. మంచి వాన పడ్డ మూడో రోజు తోటకు పోయి, బండి నడిచే దారి పొడుగునా గడ్డపారతో పొడుచుకుంటూ నడువు. ఊరికే ఒంటి చేత్తో వదిలితే జానెడు దిగిన చోటల్లా ఒక కర్ర పాతు. తిరిగి చూస్తే ఎన్ని కర్రలున్నాయో ఫోటో తీసి పంపు, అప్పుడు టైర్లు, గాలి సంగతి మాట్లాడదాం. కొత్త బండ్లలో లాగే హుక్కు విప్పి డిక్కీ అడుగున పెడతారు; మావాడిది సామాన్లన్నీ బురదలో దించాక దొరికింది. నీది మొదటి రోజే తీసి డ్రైవర్ సీటు కింద పెట్టుకో.